పిట్టకథ కోసం ఏడు రోజులు

చైత్ర శుద్ధ తదియ, విజయనగరం

తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో రైలెక్కి, భోజనాల వేళకు విజయనగరంలో దిగాము. నవమి పందిళ్లలో హరికథలు చెప్పడానికి తాంబూలం పుచ్చుకుని బయలుదేరిన బృందం మాది. బృందమన్న మాట పెద్దదే గాని ఉన్నది ముగ్గురమే. కథ చెప్పేది నేను, మృదంగం వాయించేది బాబాయిగారు, ఫిడేలు వాయించేది తమ్ముడు. ఇద్దరూ నాకు చుట్టాలు కారు. పంతొమ్మిదేళ్లుగా నా కుడిపక్కన కూర్చుని, నేను తాళం తప్పిన ప్రతిసారీ ఆ తప్పు తనదే అన్నట్టు సర్దుకుపోతున్న పెద్దమనిషిని బాబాయిగారనక మరేమనాలో నాకు తోచలేదు. ఆ ఒక్క వరుస కుదిరాక తక్కినవి వాటంతటవే కుదిరాయి.

రైల్లో బాబాయిగారికి పడక దొరకకపోయినా ఫరవాలేదు గాని మృదంగానికి దొరకాలి. పై బెర్తు మీద దానిని దుప్పట్లో చుట్టి పడుకోబెట్టి, తాను కింద కూర్చుని, అయిదు నిమిషాలకొకసారి తలెత్తి చూస్తూ ఉంటారు. ఎండ తగిలితే చర్మం బిగుస్తుంది, చెమ్మ తగిలితే వదులవుతుంది. కథకు ముందు ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అతికించి, కథ అయిపోగానే గీకి తుడిచేసేదాకా ఆయన మంచినీళ్లు కూడా ముట్టరు.

హరికథ చెప్పుకుని బతికేవారికి విజయనగరం పుట్టినిల్లు వంటిది. 1883లో ఈ ఊళ్లో కుప్పుస్వామి నాయుడు చెప్పిన హరికథ విన్న ఒక యువకుడు తానూ కథ చెప్పాలనుకుని ధ్రువచరిత్రతో మొదలుపెట్టాడు. ఆయనే తరువాత హరికథా పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు. 1919లో మహారాజావారు ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆయనే. నేను కథ నేర్చుకున్నది గోదావరి గట్టున కపిలేశ్వరపురంలో ఉన్న హరికథా పాఠశాలలోనైనా, అక్కడి మా చిడతల చప్పుడు ఈ ఊరి నుంచి వచ్చినదేనని అనుకుంటూ ఉంటాను. కళాశాల గేటు దగ్గర తమ్ముడు చెప్పులు విప్పి నిలబడ్డాడు. వాడి దండం నారాయణదాసు గారికి కాదు, ఆ కళాశాలలోనే ఫిడేలు చెప్పి, తరువాత ప్రిన్సిపాలైన ద్వారం వెంకటస్వామినాయుడు గారికి. ఎవరి దేవుడు వారికి.

రాత్రి గంటస్తంభానికి కొంచెం దూరంలో ఒక వీధి రామమందిరం ముందు పాదుకా పట్టాభిషేకం చెప్పాను. భరతుడు ఏడ్చే ఘట్టం దగ్గర నాకొక వాడుక పిట్టకథ ఉంది. పురాణం చెప్పే పంతులుగారి ఎదుట ఒక ముసలమ్మ రోజూ కన్నీరు మున్నీరుగా ఏడుస్తుంది. ఆహా ఎంత భక్తి అని ఆయన పొంగిపోయి కారణమడిగితే, ‘తమ గడ్డం ఊగుతుంటే చచ్చిపోయిన మా మేక గుర్తొస్తోంది బాబూ’ అంటుంది. ఇరవై ఏళ్లుగా ఈ కథకు నవ్వనివారిని నేను చూడలేదు. ఆ రాత్రి పంతులుగారు కారణమడిగారో లేదో, ముందు వరుసలో సెల్‌ఫోను పట్టుకుని కూర్చున్న కుర్రవాడు, ‘మేక చచ్చిపోయింది కదండీ?’ అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. ఆ నవ్వు వాడిది, నాది కాదు. బాబాయిగారు గబుక్కున తాళం ముగింపుకు వేసే తీర్మానం ఒకటి వాయించి నన్ను గట్టెక్కించారు గాని, అయిదు నిమిషాల పాటు నా అరికాళ్లు గజ్జెల బరువును కూడా మోయలేకపోయాయి.

‘అమ్మాయీ, ఆ మేక ఇవాళ్టితో మనకూ చచ్చిపోయింది, వదిలెయ్,’ అన్నారు భోజనాల దగ్గర బాబాయిగారు.

వదిలేస్తే దాని చోట ఏం పెట్టాలి? హరికథలో అసలు కథ అందరికీ తెలిసినదే. రాముడు అడవికి వెళతాడని తెలియక ఎవరూ పందిట్లోకి రారు. తెలిసిన కథలో తెలియని మలుపు పిట్టకథే. నిద్రమత్తులో ఉన్నవారిని లేపేదీ, కథను త్రేతాయుగం నుంచి తెచ్చి ఈ వీధిలో దించేదీ అదే. నా దగ్గరున్న అయిదారు పిట్టకథలనూ వరుసగా తలుచుకుని చూస్తే, అన్నీ మా గురువుగారు వాడినవే, అంతకు ముందు వారి గురువుగారు వాడినవే. పడుకునే ముందు బజారుకు వెళ్లి నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి కొన్నాను. ఈ ఏడు రోజుల్లో కళ్లారా చూసినది, చెవులారా విన్నది ఒక్కటైనా అందులో రాసుకుని, నవమినాడు దానినే చెప్పాలన్నది సంకల్పం.

చవితి, రామతీర్థం

విజయనగరానికి సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలో రామతీర్థం. సీతారామస్వామి గుడి వెనక బోధికొండ; ఆ పక్కన గురుభక్తులకొండ మీద బౌద్ధుల ఆరామాల శిథిలాలున్నాయి. నోటుపుస్తకం సంచిలో ఉండడం వల్ల కాబోలు, నాకు ఆ పూట కొండ కనబడలేదు, గుడి కనబడలేదు. కనబడిన ప్రతి మనిషీ పిట్టకథలాగే కనబడ్డాడు. మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టుకుంటున్న మగడినీ, ఆ లెక్క తప్పని వెనక నుంచి దిద్దుతున్న భార్యనూ సగం దూరం వెంబడించాను. కిందికి వచ్చాక పూలమ్మే ఆవిడ ఎదుట నిలబడి ఆమె చేతుల వంకే చూస్తుంటే, ఆమె మాల కట్టడం ఆపి తలెత్తింది.

‘ఏటమ్మా, అలా సూత్తన్నారు? పూలు కొంటారా, నన్ను కొంటారా?’

రెండు మూరలు కొనుక్కుని వచ్చేశాను. ఆ రోజు పుస్తకంలో రాసినది ఆమె మాట ఒక్కటే. దానిని ఎవరికీ చెప్పేది లేదని అప్పుడే తెలుసు.

పంచమి, గొల్లపల్లి, బొబ్బిలి

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారు. పనసచెట్టు మాను ఒక్కదానినే తొలిచి కుండ, పొడవాటి దండి, చివర సింహంలాంటి యాళి ముఖంతో సహా మలిస్తే ఏకాండి వీణ అంటారు. ఇంటి ముందు చూరు కింద ఆరబెట్టిన దుంగలు, లోపల సగం తొలిచిన కుండలు, నేలంతా పసుపుపచ్చని పొట్టు. వీణకు మిగిలే చెక్క కంటే తొలిచి పారేసే చెక్కే ఎక్కువని ఆ పొట్టు చూస్తేనే తెలుస్తోంది.

మేము వెళ్లేసరికి పెద్దాయన ఒకరు మేళం కడుతున్నారు. దండి మీద ఇరుపక్కలా నల్లని మైనం కట్టలు పోసి, అందులో ఇరవై నాలుగు మెట్లను ఒక్కొక్కటే నాటి, తీగ మీటి విని, వెంట్రుకవాసి అటో ఇటో జరిపి, మళ్లీ మీటి వింటారు. ఈ పనికి కొలబద్ద లేదు, చెవి ఒక్కటే ఆధారం. నమస్కారం చేసి మాట కలపబోతే ఆయన చూపుడువేలు పెదవుల మీద పెట్టుకున్నారు. కూర్చున్నాము. పావుగంట అయింది, అరగంట అయింది. ఇంటివారి కోడలు మజ్జిగ తెచ్చి, గ్లాసులు నేల మీద చప్పుడు కాకుండా పెట్టి వెళ్లింది. పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నారు గాని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వాళ్ల గొంతులు వాటంతటవే తగ్గిపోతున్నాయి. ఎనిమిదో మెట్టో తొమ్మిదో మెట్టో నడుస్తుండగా తమ్ముడి ఫోను మోగింది. పెద్దాయన కోప్పడలేదు, అప్పుడే నాటిన మెట్టును పీకి పక్కన పెట్టి, మైనం మెత్తబరుచుకుని, దాని కింది మెట్టు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టారు. తిట్టి ఉంటే తమ్ముడికి కొంత సుఖంగా ఉండేది. వాడు ఫోను తీసుకుని బయట వేపచెట్టు కిందికి వెళ్లి, దాన్ని పూర్తిగా ఆర్పేసి మరీ లోపలికి వచ్చాడు.

గంటన్నర తరువాత పెద్దాయన చేతులు తుడుచుకుని, ‘ఇప్పుడు సెప్పండమ్మా, ఏటి పని మీద వచ్చినారు?’ అన్నారు. ఏ పనీ లేదు, మీ దగ్గర ఏదైనా కథ దొరుకుతుందేమోనని వచ్చామని ఎలా చెప్పను? వీణలు చూడడానికి వచ్చామన్నాను. ‘సూశారు కదా,’ అన్నారాయన.

నారాయణదాసు గారు 1864లో పుట్టిన అజ్జాడ బొబ్బిలికి దగ్గరలోనే ఉంది. ఎండలో ఆటో మాట్లాడుకుని వెళ్లి, ఊరికి ఒక దండం పెట్టుకుని, అరగంటలో తిరుగు ముఖం పట్టాము. రెండు కాళ్లతో, రెండు చేతులతో, తలతో అయిదు తాళాలు ఒకేసారి వేసిన మహానుభావుడి ఊళ్లో నిలబడి, ఒక్క తాళానికే తడబడే నా కాళ్ల గురించి ఎక్కువ సేపు ఆలోచించడం నాకే మంచిది కాదనిపించింది.

రాత్రి కథ బొబ్బిలిలో. శబరి ఎంగిలిపండ్ల దగ్గర జనం బాగానే కరిగారు గాని, మంగళం పాడాక ఒక తాతగారు కర్ర ఆనించుకుని వేదిక దగ్గరికి వచ్చి, ‘అంతా బావుంది గాని, పాపారాయుడి కత సెప్పరేటమ్మా?’ అని అడిగారు. అది బుర్రకథ వారి సొత్తు తాతగారూ, దానికి తంబుర కావాలి, గుమ్మెటలతో ఇద్దరు వంతలు కావాలి అన్నాను. ఆయనకు నా జవాబు నచ్చలేదు. 1757లో కాలిపోయిన కోట కథను ఆ ఊళ్లో ఇంకా నిన్నటి సంగతిలాగే అడుగుతున్నారు. రెండు వందల అరవై ఏళ్ల దుఃఖానికి నేను వాద్యాల జాబితా చదివి వినిపించాను.

షష్ఠి, పొందూరు

ఈ రోజు గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

పొందూరు ఖద్దరు పేరు వినని తెలుగువారు తక్కువ. అది ఎలా తయారవుతుందో చూసినవారు అంతకంటే తక్కువ. కథ రాత్రికి గనుక పగలంతా ఖాళీ. నూలు వడికే ఆడవాళ్లున్న ఒక వీధిలోకి మమ్మల్ని తీసుకుని వెళ్లినది మాకు బస ఇచ్చిన ఇంటి వదినగారు. ఒక పెద్ద అరుగు మీద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. చిన్నవారికి యాభై దాటి ఉంటాయి.

అన్నిటికంటే ముందు పత్తిని ఏరి దువ్వాలి. దువ్వెన ఏమిటంటే వాలుగ చేప దవడ ఎముక. అందులో వెంట్రుకల కంటే కొంచెం మోటుగా, చిక్కగా ఉండే పళ్లతో ఒక్కొక్క గింజ చుట్టూ ఉన్న దూదిని దువ్వి, చెత్త తీసి, పోగులను ఒకే దిక్కుకు తిప్పుతారు. ఆ తరువాత గింజ వేరు చేస్తారు, చిన్న వింటితో ఏకుతారు, ఏకులు చుడతారు. వాటికి దుమ్ము పట్టకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. ఆ తరువాత గాని రాట్నం దగ్గరికి రారు. ఒకే కదురున్న రాట్నం మీద నూరో నంబరు నూలు తీస్తారు. ఆ పోగును వెలుతురుకు అడ్డం పెట్టి చూపిస్తే తప్ప నా కళ్లకు ఆనలేదు.

‘ఈ ఎముకలు ఎక్కడివి?’ అని అడిగాను.

‘మీ రాజమండ్రి వైపు నుంచే వత్తాయి తల్లీ. మీ గోదారి సేపే,’ అన్నది ఒక పెద్దమ్మ.

పుట్టి పెరిగిన ఊళ్లో వాలుగను ఇగురుగా, పులుసుగా చూశాను గాని, దాని దవడ నాలుగు జిల్లాలు దాటి ఇక్కడ దువ్వెన అవుతుందని ఇన్నేళ్లూ తెలియదు. బాబాయిగారు చేపలు ముట్టని మనిషి. అయినా ఆ ఎముకను చేతిలోకి తీసుకుని, మృదంగం మూత తడిమినట్టు బొటనవేలితో తడిమి చూశారు.

మా సంగతి తెలిశాక వాళ్లు ఒక కథ చెప్పమన్నారు. చిడతలు లేవు, గజ్జెలు లేవు, మైకు లేదు. ద్రౌపదీ మానసంరక్షణం ఎత్తుకున్నాను. రెండు నిమిషాల్లోనే నాకొక చిక్కు వచ్చిపడింది: ఒక్కరూ నా వంక చూడడం లేదు. అందరి కళ్లూ పోగు మీదే. హరికథ చెప్పేవాళ్లం ఎదుటివారి కళ్లను పట్టుకుని నడిచేవాళ్లం. ఎవరి కనురెప్ప వాలుతోందో, ఎవరి మెడ ముందుకు సాగుతోందో చూసి రాగం పెంచుతాం, తుంచుతాం. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. విసుగ్గా ఉందేమో, ఆపేద్దామా అనుకుంటుండగా రాట్నాల చప్పుడు మీదికి చెవి పోయింది. దుశ్శాసనుడు సభలోకి ఈడ్చుకొచ్చేసరికి అన్ని రాట్నాలూ నెమ్మదించాయి. ద్రౌపది చేతులెత్తి కృష్ణా అన్నప్పుడు రెండు ఆగిపోయాయి. చీర మీద చీర వస్తుంటే మళ్లీ తిరగడం మొదలై, నేను వచనం వేగం పెంచకుండానే అవి వేగం పెంచాయి. నాకు తెలియకుండా నేనే వాటి వెంట పరుగెత్తాను. తమ్ముడు తరువాత చెప్పాడు, నా గొంతులో అంతటి ద్రుతకాలం ఎన్నడూ వినలేదని.

కథ ముగిసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చేతులు ఖాళీగా ఉంటే కదా. కొంతసేపటికి మూలన కూర్చున్న ఒకావిడ, పోగు మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగింది:

‘అమ్మా, ఆ కోకలన్నీ ఎవరు నేసినారు?’

‘కృష్ణుడు ఇచ్చాడు కదమ్మా.’

‘ఇచ్చినాడు సరే. నేసినోళ్లెవరు? ఎన్ని సిలపల నూలు పట్టిందో! ఆడు లాగినంత సేపట్లో నాను సగం సిలప కూడా వొడకలేను.’

పక్కావిడ అందుకుంది: ‘దేవుడికేటే, ఆయన తలుసుకుంటే వత్తాయి.’

‘మరి నాను తలుసుకుంటే రావేటి?’

అరుగంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. నిజంగానే అడిగిందని నాకు అప్పుడు అర్థమయింది. వ్యాసుడి నుంచి నా దాకా ఆ ఘట్టాన్ని చెప్పినవాళ్లం ఎందరమో, లాగినవాడి గురించి చెప్పాం, ఇచ్చినవాడి గురించి చెప్పాం, కట్టుకున్న తల్లి గురించి చెప్పాం. నేసినవాళ్లు ఉంటారన్న తలపు నాకెన్నడూ రాలేదు. రాత్రి కథ ఏమి చెప్పానో, ఎలా చెప్పానో సరిగా గుర్తు లేదు. నోటుపుస్తకంలో మాత్రం ఆరు పేజీలు నిండాయి.

సప్తమి, శ్రీకూర్మం

విష్ణువు కూర్మరూపంలో కొలువైన గుడి శ్రీకూర్మం. స్వామి పడమటి దిక్కు చూస్తాడు, రెండు ధ్వజస్తంభాలు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. చిప్పల మీద పసుపుపచ్చని చుక్కల గీతలతో అవి ఆకుకూర నములుతుంటే, పిల్లలు కమ్మీలకు ముఖాలు ఆనించి కదలకుండా చూస్తున్నారు. సెల్‌ఫోనుకు కాక మరొకదానికి పిల్లలు అంతసేపు అతుక్కుపోగా చూసి చాలా కాలమైంది.

సాయంకాలం ఆ ఊళ్లో క్షీరసాగర మథనం. మందర పర్వతాన్ని వీపు మీద మోస్తున్న కూర్మాన్ని వర్ణిస్తూ సమాసం మీద సమాసం విసురుతుండగా ముందు వరుసలో ఒక గుంటడు లేచి, ‘తాబేలుకి వీపు నొప్పెట్టలేదా?’ అన్నాడు. పొద్దుట కమ్మీల దగ్గర చూసినవాడే. దేవుడికి నొప్పి ఏమిటి నాయనా, సర్వశక్తిమంతుడు, అని ఏదో వేదాంతం ఎత్తుకోబోతుంటే, వాడి వెనక కూర్చున్న నాయనమ్మ వాణ్ణి చెయ్యి పట్టి కూలేసి, ‘నొప్పేటిరా? గోకినట్టుంటాది. నీ వీపు ఇటకరాయితో తోమితే నువ్వు నిద్దరోవేటి?’ అన్నది. సంస్కృత భాగవతంలో ఉన్నది అక్షరాలా అదే: కొండ గిరగిరా తిరుగుతుంటే స్వామికి ఒళ్లు గోకినట్టనిపించిందట. చదువుకున్న ముక్కే. చదువుకుని, గంభీరమైన ఘట్టంలో గోకుడు ఏమిటని వదిలేసిన ముక్క. ఆ నాయనమ్మ భాగవతం చదివి ఉండదు, మనవడికి స్నానం చేయించి ఉంటుంది, అంతే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఉత్సాహం ఎక్కువై, వాసుకిని అటు దానవులూ ఇటు దేవతలూ లాగే చోట, లాగడం మీద మాట కలిపి పొందూరు పిట్టకథ ఎత్తుకున్నాను. ‘ఒక ఊళ్లో ఒక అమాయకురాలు ఉండేది. ద్రౌపది కథ విని ఏమడిగిందో తెలుసా?’ అని మొదలుపెట్టి, ఆమె యాసను కొంచెం సాగదీసి, ‘మరి నాను తలుసుకుంటే రావేటి?’ దగ్గర కళ్లు తిప్పి ముగించాను. పందిరి అదిరేలా నవ్వారు. మేక కథకు కూడా అంత నవ్వు ఎన్నడూ రాలేదు.

గజ్జెలు విప్పుకుంటుంటే బాబాయిగారు రవ్వ గీకుతూ తల ఎత్తకుండా అన్నారు: ‘నవ్వు బాగా వచ్చిందమ్మాయీ. ఎవరి మీద వచ్చిందో చూసుకున్నావా?’

జవాబు చెప్పలేదు. ఆయన కూడా మళ్లీ అడగలేదు. కళ్లు మూసుకుంటే పొందూరు అరుగు, పోగు మీది నుంచి చూపు తిప్పని ఆ మనిషి. ఆమె అడిగినదానికి జవాబు తెలియనిది నాకు; అమాయకురాలన్న పేరు పెట్టినది ఆమెకు. రామతీర్థంలో పూలమ్మే ఆవిడ నన్ను ముందుగానే పోల్చుకుందేమో.

అష్టమి, శ్రీముఖలింగం

ఈ రోజు కథ ఉండవలసిన ఊళ్లో పందిరి కమిటీవారు పొద్దున్నే ఫోను చేసి, యువకులు డ్యాన్సు కార్యక్రమం పెట్టుకున్నారు గనుక ఈసారికి వద్దన్నారు. తాంబూలం ఇచ్చి రద్దు చేసుకోవడం ఒకప్పుడు తప్పు కింద లెక్క. తమ్ముడు ఫోనులోనే గొంతు పెంచబోతే బాబాయిగారు వారించి, ‘ఖాళీ దొరికింది, ముఖలింగం చూద్దాం పదండి,’ అన్నారు.

వంశధార ఒడ్డున మధుకేశ్వరుడు. ఇప్పచెట్టు మొదలే లింగమైందని, అందుకే మధుకేశ్వరుడన్న పేరని చెబుతారు. ఒకప్పటి గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు కూడా ఈ ఊళ్లోవే. సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలకు ఎండ పక్కనుంచి తగిలే వేళకు చేరడం మా అదృష్టం.

గుడి అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ తానుగా మాట కలిపి స్థలపురాణం చెప్పింది. శబరుల నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇప్పపూల కోసం సవతులిద్దరూ పోట్లాడుకుంటే విసుగెత్తి అతడు గొడ్డలితో చెట్టునే నరికాడు. అందులో నుంచి శివుడు వెలిశాడు. ఇంతవరకు నాకు తెలిసిన కథే. ‘ఆ తరవాత సవతులిద్దరూ ఏమైనారు అవ్వా?’ అని అడిగాను. పొందూరు నేర్పిన అడగడం అది. అవ్వ కొంచెంసేపు నది వైపు చూసింది.

‘పూల సెట్టు పోయింది కదా, ఇంక దేనికి పోట్లాడుకుంటారమ్మా? కలిసి పనికి పోయుంటారు.’

నోటుపుస్తకం సంచిలోనే ఉంది. తీయలేదు. ఆమె దగ్గర ఇంకో గంట కూర్చున్నాము. కోడలి గురించి, మోకాళ్ల గురించి, వంశధారకు వచ్చిన వరదల గురించి చెప్పింది. లేచేటప్పుడు పేరడిగితే చెప్పి, ‘నువ్వేటి సేత్తావు?’ అని నన్నడిగింది. కథలు చెబుతానన్నాను. ‘ముందే సెప్పొద్దేటి? నానే అంతసేపూ సెప్పేశాను,’ అని నొచ్చుకుంది.

నవమి, ఆమదాలవలస దగ్గర ఒక పల్లె

పగలు కల్యాణం, పానకం, వడపప్పు. మిరియాల ఘాటు తగిలి తమ్ముడు పొలమారి దగ్గుతుంటే, ఊరి ఆడవాళ్లు నవ్వుతూ మరో గ్లాసు పోశారు. ఊళ్లో మగ్గాలున్నాయని మధ్యాహ్నం వీధిలో నడుస్తుంటే తెలిసింది. పండగ గనుక చప్పుడు లేదు. గుంటల్లోని మగ్గాల మీద సగం నేసిన గుడ్డలు అలాగే ఉన్నాయి.

తొమ్మిదికల్లా ముగించాలని కమిటీవారు ముందే చెప్పారు, ఆ తరువాత ఆర్కెస్ట్రా ఉంది. నేను మొదలుపెట్టే వేళకే స్పీకర్ల లారీ వచ్చి పందిరి పక్కన నిలబడింది. సీతాకల్యాణం. విల్లు విరిగింది, పెళ్లిపందిరి వేశారు, వధూవరులకు మధుపర్కాలు తెచ్చారు. అక్కడ ఆగాను. ఏమి చెప్పాలో నిన్న రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నది ఒక్కటే: ఆమె అడిగినది ఆమెలాగే అడగాలి, ఆమెను మాత్రం పందిట్లోకి ఈడ్చకూడదు.

‘ద్రౌపదికి కృష్ణుడు చీరలిచ్చాడని విన్నాం. ఇక్కడ రాముడికీ సీతమ్మకూ మధుపర్కాలు వచ్చాయి. ఇన్నేళ్లుగా కథ చెబుతున్నాను, నాకు తెలియని సంగతి ఒకటి మిమ్మల్ని అడుగుతున్నాను. అవి నేసినదెవరు?’

చిడతలు దించేశాను. బాబాయిగారు మృదంగం మీద అరచేతులు ఆనించి ఊరుకున్నారు. లారీ దగ్గర ఎవరో స్పీకరు పరీక్షిస్తూ చెక్, చెక్ అంటున్నారు. జనం నవ్వలేదు, కదలలేదు. నేను చెడగొట్టుకున్నాననే అనుకున్నాను. పది లెక్కపెట్టేంత సేపటికి, వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్న బక్కపలచని పెద్దాయన ఒకరు, తువ్వాలు భుజం మీద సర్దుకుని, కూర్చున్న చోటు నుంచే జవాబిచ్చారు.

‘మావోళ్లే నేసినారమ్మా. కూలే ఇంకా రాలేదు.’

ఒక్క క్షణం. ఆ తరువాత మగ్గాల వీధి వైపు నుంచి మొదలైన నవ్వు ఆడవాళ్ల వరుసల దాకా వచ్చి, అక్కడి నుంచి పిల్లల్లోకి పాకి, చివరికి లారీ మీది కుర్రాళ్లు కూడా ఏమిటేమిటని అడిగి మరీ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వుతున్నారు, నోట్లో పళ్లు అట్టే లేవు. దానికి కలపడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. ‘శ్రీమద్రమారమణ గోవిందో’ అన్నాను. ‘హరి’ అన్న గొంతు అంతటిది ఈ యాత్రలో మరెక్కడా వినలేదు. తలంబ్రాలు పోయించి, మంగళం పాడేసరికి తొమ్మిదికి అయిదు నిమిషాలుంది.

వేదిక దిగాక కమిటీ పెద్దలు శాలువా కప్పి, చేతిలో కవరు పెట్టి, ‘ఆర్కెస్ట్రావాళ్లకు మొత్తం ముందే ఇవ్వాల్సొచ్చిందమ్మా. ఇందులో సగముంది, తక్కినది నెలాఖరులోగా పంపించేస్తాం,’ అన్నారు. వాళ్ల ముఖాల్లో నిజంగానే మొహమాటం ఉంది.

రాత్రి రైలుకు ఆమదాలవలస స్టేషనులో కూర్చున్నాము. దాని పేరు శ్రీకాకుళం రోడ్డు అయినా ఊరు ఆమదాలవలసే. తమ్ముడు బెంచీ మీద ఫిడేలు పెట్టె తలగడగా పెట్టుకుని నిద్రపోయాడు. బాబాయిగారు హడావిడిలో పూర్తిగా పోని రవ్వను దీపం వెలుతురులో గోటితో తీస్తూ, కవరు సంగతి అడిగారు. సగమేనని చెప్పాను.

‘సగం చాల్లే. ఆ పెద్దాయన కంటే మనమే నయం,’ అని, మృదంగాన్ని దుప్పట్లో చుట్టి, రైలు వచ్చే వైపుకు తిరిగి కూర్చున్నారు.